బే ఆఫ్ పిగ్స్: క్లాసులో ఏటా వినే అపోహలు

డిగ్రీ పిల్లలకు ప్రచ్ఛన్న యుద్ధం పాఠం చెబుతుంటే ఏటా ఒక దగ్గర బండి ఆగుతుంది. 1961 ఏప్రిల్ 17న అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తర్ఫీదు ఇచ్చిన సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులు ఆ దేశాధినేత క్యాస్ట్రోను దించేద్దామని అక్కడి దక్షిణ తీరంలోని బే ఆఫ్ పిగ్స్‌లో దిగారు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది. 114 మంది చనిపోగా 1,200 మంది దాకా బందీలయ్యారు.

అపోహ: అది పరమ రహస్యంగా సాగింది.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినంత రహస్యం! గ్వాటెమాలాలో తర్ఫీదు సంగతి ముందే పత్రికల్లో వచ్చేసింది. ఏప్రిల్ 15న క్యూబా రంగులు పూసిన సీఐఏ బి-26 బాంబర్ విమానాలు క్యూబా వైమానిక స్థావరాల మీద బాంబులేశాయి. అదే రోజు ఇంకొకటి అమెరికాలోని మయామీలో దిగింది. క్యాస్ట్రో మీద తిరగబడి వచ్చానని పైలట్ కథ చెప్పాడు. క్యూబా బి-26ల ముక్కు పారదర్శకంగా ఉంటుంది, దీనికేమో రేకు ముక్కు. పాపం, అసలు విషయం తెలియని అమెరికా రాయబారి అడ్లై స్టీవెన్సన్ ఐక్యరాజ్యసమితిలో దాని ఫొటో పట్టుకుని అది క్యూబాదేనని వాదించాడు.

అపోహ: అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ రెండో విమాన దాడి ఆపకపోతే ప్రవాసులు గెలిచేవారే.

పరీక్ష పేపర్లలో నాకు ఎక్కువగా కనబడేది ఇదే. ఆపిన మాట నిజం. బొంకు బయటపడుతోందన్న భయంతోనే ఆపాడు. మిగిలిపోయిన క్యాస్ట్రో విమానాలు ప్రవాసుల సరుకు మోస్తున్న హ్యూస్టన్, రియో ఎస్కోండిడో ఓడలను దెబ్బతీశాయి, మందుగుండు సముద్రం పాలైంది. అయితే అసలు తప్పు అంతకు ముందే జరిగింది. దిగడానికి మొదట అనుకున్నది క్యూబాలోనే ఉన్న ట్రినిడాడ్ పట్టణం. ఓడినా పక్కనే ఉన్న ఎస్కాంబ్రే కొండల్లోకి తప్పుకోవచ్చు. అక్కడైతే అమెరికా చెయ్యి కనబడిపోతుందని చోటు మార్పించారు. కొత్త చోటు నుంచి ఆ కొండలు 80 మైళ్లు, చుట్టూ జపాటా చిత్తడి. గోడ మీద మ్యాపు చూపించి “ఇప్పుడు ఎటు పరిగెత్తుతారు?” అని అడిగితే పిల్లలు మొహాలు చూసుకుంటారు. ఎదురుగా వేలమంది సైన్యం, మిలీషియా. విమానాలన్నీ కూల్చేసినా 1,400 మంది ఎంతకాలం నిలబడగలరు?

అపోహ: పథకం కెన్నెడీదే.

కాదు, 1960 మార్చిలో ఆయనకు ముందటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆమోదించినది. కెన్నెడీ అందులో కోతలు పెట్టాడు.

అపోహ: ఈ ఓటమితో కెన్నెడీ పరపతి పోయింది.

బాధ్యత తనదేనన్నాక గాలప్ సర్వేలో ఆయనకు మద్దతు 83 శాతానికి ఎగబాకింది! కుర్చీ పోయింది సీఐఏ అధిపతి ఆలెన్ డల్లెస్‌కు. లాభపడ్డది క్యాస్ట్రో. ఏప్రిల్ 16న, బాంబులకు చనిపోయినవారి అంత్యక్రియల్లో, తమది సోషలిస్టు విప్లవమని బాహాటంగా ప్రకటించాడు. వేలాది మందిని జైళ్లలోకి నెట్టాడు. ఆ ఆగస్టులో ఉరుగ్వేలో క్యాస్ట్రో సహచరుడు చే గెవారా కెన్నెడీ సలహాదారుకు ఈ దాడి చేసినందుకు థ్యాంక్స్ కూడా చెప్పాడు. మరుసటి ఏడాది క్యూబాకు సోవియట్ క్షిపణులు వచ్చాయి.

5.3 కోట్ల డాలర్ల ఆహారం, మందులు ఇచ్చాక 1962 డిసెంబరులో బందీలు విడుదలయ్యారు. మయామీ సభలో వాళ్లు తమ దళం జెండాను కెన్నెడీకి అప్పగించారు. స్వేచ్ఛ వచ్చిన హవానాలో తిరిగి ఇస్తానన్నాడాయన. చివరికి 1976లో వాళ్లే అడిగి వెనక్కి తెచ్చుకున్నారు.