తెర మీది సముద్ర పటం: ఒక లోతు గీత వెనుక కథ

కాగితం చార్టు రోజుల్లో ఆఫీసరు పెన్సిలుతో కోర్సు గీసి, ఓడ వెళ్లకూడని చోటును తన చేత్తోనే అడ్డగీతలతో నింపేవాడు. ఓడలో తెర మీద సముద్ర పటం చూపే కంప్యూటర్ వ్యవస్థ ఎక్డిస్‌లో ఆ పని చాలావరకు ఒక్క అంకె మీద పడింది. అదే సేఫ్టీ కాంటూర్, అంటే ఓడకు సురక్షితమైన నీటిని, ప్రమాదకరమైన నీటిని వేరుచేసే లోతు గీత.

ఎక్డిస్‌కు అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1995 నవంబరులో ప్రమాణాలు ఖరారు చేసింది. మరుసటి ఏడాది ఎలక్ట్రానిక్ పటాల డేటా ప్రమాణమైన ఎస్-57 మూడో ఎడిషన్ వచ్చాక ప్రతి బోయా (నీటిపై తేలే గుర్తు), ప్రతి లోతు విడివిడి సమాచారంగా మారాయి. స్కాన్ చేసిన పటానికి లోతు అంటే ఏమిటో తెలియదు, ఇలా విడివిడి సమాచారంతో కట్టిన వెక్టర్ పటానికి తెలుసు. అందుకే అది అలారం మోగించగలదు. విశాఖ తీరం సెల్స్‌ను, అంటే ఈ పటం ముక్కలను, డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు తయారుచేస్తుంది. 2002 జులై నుంచి కాగితానికి బదులుగా ఎక్డిస్ చెల్లుబాటైంది. 2012-2018 మధ్య దశలవారీగా పెద్ద ఓడలకు తప్పనిసరైంది.

చిక్కంతా ఇక్కడుంది. ఓడ అడుగు 8 మీటర్ల లోతున ఉందనుకుందాం. వేగంలో కిందికి కుంగే స్క్వాట్‌కు 1, అడుగున ఖాళీకి 1.5 కలిపితే 10.5 మీటర్లు. పటంలో 10, 20 మీటర్ల గీతలే ఉంటే ఎక్డిస్ లోతైనదాన్నే, అంటే 20నే, ఎంచుకుంటుంది. దాంతో 12 మీటర్ల నీళ్లున్న చోటు కూడా 3 మీటర్ల మేటలాగే ప్రమాదపు నీలం రంగులో కనిపిస్తుంది. ఇరుకు దారిలో అలారం ఆగకుండా మోగుతుంది. విసిగి ఎవరో ఒకరు శబ్దం ఆపేస్తారు.

2013 సెప్టెంబరు 18న డోవర్ జలసంధిలో ఓవిట్ అనే కెమికల్ ట్యాంకర్ వార్న్ బ్యాంక్ మేట ఎక్కింది. అనుభవం లేని ఆఫీసరు గీసిన దారి నేరుగా ఆ మేట మీదుగానే పోయింది. ప్లానును ఎవరూ సరిచూడలేదు. సేఫ్టీ కాంటూర్ 30 మీటర్లకు పెట్టి ఉంది, అలారానికి శబ్దమే లేదు. ఓడ ఆగిపోయిందని వాచ్‌లో ఉన్న ఆఫీసరుకు తెలియడానికి 19 నిమిషాలు పట్టిందని బ్రిటన్ దర్యాప్తు సంస్థ తేల్చింది. మేట పటంలో ఉంది, దాన్ని గుర్తించే బోయాల దీపాలు బయట వెలుగుతూనే ఉన్నాయి. ఇందులో పటం తప్పేమీ లేదు.

అందుకే దారి గీశాక అందులోని ప్రమాదాలను ఎక్డిస్‌తోనే వెతికించే రూట్ చెక్ నడపాలి, ఆ తర్వాత సరైన స్కేలులో మొదటి వేపాయింటు (దారిలో గుర్తించిన బిందువు) నుంచి చివరి దాకా కంటితోనూ చూడాలి. స్క్రీన్‌ను దూరం చేసి చూస్తే చిన్న మేటలు మాయమైపోతాయి.

ఎస్-57 తర్వాతి తరమైన కొత్త ఎస్-101 పటాలను 2026 జనవరి 1 నుంచి వాడుకోవచ్చు. 2029 నుంచి కొత్తగా బిగించే ఎక్డిస్‌లన్నీ వాటిని చదవాల్సిందే. వాటికి తోడుగా ఎస్-102 దట్టమైన లోతు సర్వే వివరాలు ఉన్న రేవుల్లో 10.5కు దగ్గరి గీతే దొరుకుతుంది. మిగతా తీరాల్లో మాత్రం 10 తర్వాత 20యే.