పొద నల్లంచి: పాట వినిపిస్తే పిట్ట దొరికినట్టేనా?

పక్షులు చూడ్డానికి నాతో అడవికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది షామా అనే పాటల పిట్ట గురించే. దాని పాత తెలుగు పేరు పొద నల్లంచి. ఎక్కడ వెతకాలో ఆ పేరే చెబుతోంది, అయినా అందరూ చెట్ల చిటారు కొమ్మలకేసే చూస్తారు.

అపోహ: అంత గొంతున్న పిట్ట పైకొమ్మ మీద కూర్చునే పాడుతుంది.
కాదు. వెదురు గుబుర్లు, వాగు పక్క పొదలు, నేలకు దగ్గరగా ఉండే చీకటి కొమ్మలు దాని చోటు. పురుగుల కోసం నేల మీదికీ దిగుతుంది. ఎగిరినప్పుడు నడుము మీద తెలుపు తళుక్కుమంటుంది, చాలాసార్లు ముందుగా కనబడేది అదొక్కటే.

అపోహ: పాట విన్నాం, కూతను బట్టి పిట్ట పేరు చెప్పే ఫోన్ యాప్ కూడా షామా అంది, ఇక చూసిన పిట్టల జాబితాలో రాసేసుకోవచ్చు.
నేనూ ఒకసారి ఇలాగే రాసేసుకున్నాను. రెండు నిమిషాలకు అదే కొమ్మ నుంచి తోక చివర రెండు తీగలకు ఈక బిళ్లలు వేలాడుతున్న రాకెట్ తోక డ్రాంగో అనే వేరే నల్ల పిట్ట ఎగిరింది, పక్కనున్న కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. డ్రాంగో అడవిలో సగం పిట్టల్ని అనుకరిస్తుంది, షామా కూడా తక్కువదేం కాదు, వేరే పిట్టల కూతలు తన పాటలో కలిపేసుకుంటుంది, కాబట్టి యాప్ చెప్పిన పేరుతో వెతకడం మొదలుపెట్టండి గానీ అక్కడితో ఆపొద్దు. షామా బెదిరినప్పుడు చేసే 'టక్ టక్' కింద పొదలోంచి వినిపిస్తే అటు చూడండి.

అపోహ: నల్లగా, తోక పొడుగ్గా ఉంటేనే షామా.
అది మగది. ఆడదానికి నలుపు బదులు బూడిద గోధుమ రంగు, తోక పొట్టి. దాన్ని పోలిన పెద్ద నల్లంచితో (మాగ్‌పై రాబిన్) తికమక పడితే రెక్క చూడండి: దానికి రెక్క మీద తెల్ల పట్టీ ఉంటుంది, షామాకి ఉండదు. మసక వెలుతురులో పొట్ట ఎరుపు తెలియదు, రెక్కే నయం.

అపోహ: ఫోన్‌లో దాని పాట పెడితే వచ్చేస్తుంది, తప్పేముంది?
వస్తుంది, నిజమే. తన జాగాలోకి ఇంకో మగది చొరబడిందనుకుని మేత మానేసి టెన్షన్‌తో వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కువగా గూళ్లు పెట్టే కాలం, అప్పుడైతే మరీ పాపం. నా గుంపులో స్పీకర్ తెచ్చినవాళ్లు సంచిలోనే ఉంచాలి.

తెల్లారకముందే వాగు దగ్గర ఒకచోట కూర్చోండి, ఇరవై నిమిషాలు కదలకండి, చూపు మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా. దోమలు కుడతాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.