ఇల్లు నీదని కాయితమేటుంది?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో పాత పెంకుటిళ్ల ముందు గదుల్లో కొన్ని ఇప్పటికీ దుకాణాలే. అలాంటి ఓ కొట్లో అద్దె చీటీలన్నీ ఇనుప తీగకి గుచ్చి గోడకి వేలాడుతుంటాయి. అడుగువి యజమానైన తాతగారి సంతకంతో, పైవి ఆయన కొడుకు సంతకంతో ఉంటాయి. ఆ కొడుకూ పోయాక ఇద్దరొచ్చి అద్దె అడుగుతారు. ఒకరు వారసులమంటారు, ఇంకొకరు కొనుక్కున్నామంటారు. అద్దెకున్న కొట్టాయన విసిగిపోయి, "ఇల్లు నీదని కాయితమేటుంది?" అంటాడు. ఆ మాటతో అద్దె తగాదా కాస్తా హక్కు తగాదా అయిపోతుంది.

ఈ ప్రాంతంలో ఆ మాట ఎప్పుడూ మొండితనంతోనే వస్తుందనుకోలేం. 1802 శాశ్వత శిస్తు ఒప్పందం తర్వాత ఇక్కడి భూమిలో పెద్ద భాగం జమీందార్ల, ఇనాందార్ల చేతిలో నడిచింది. 1908 చట్టం సాగుదారు రైతుకి హక్కిచ్చింది, 1948 చట్టం ఎస్టేట్లనే రద్దు చేసింది. జమీందారు కచేరీగా వాడిన భవనాలు ప్రభుత్వానికి పోయాయి, మిగతావి ఎవరివి వాళ్లకే ఉండిపోయాయి. పొలాలకి పట్టాలొచ్చాయి గానీ, గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఇళ్లకి తరతరాలుగా పన్ను రసీదే దిక్కు. ఆ రసీదు ఒక్కటే చూపిస్తే కోర్టులో హక్కు రుజువైనట్టు కాదు. డ్రోన్లతో ఊళ్లలో ఇళ్ల స్థలాలు కొలిచే స్వామిత్వ పథకం 2020లో గానీ మొదలవలేదు.

చట్టం మాత్రం అద్దెదారుకి ముందే ముకుతాడు వేసింది. 1872 సాక్ష్య చట్టం 116వ సెక్షన్ ప్రకారం, ఎవరి దగ్గర అద్దెకి దిగాడో వాళ్లకి ఆ రోజున హక్కు లేదని అద్దెదారు అనకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 122వ సెక్షన్ చెప్పేదీ అదే. అయితే తర్వాత కొన్నవాడో, వారసుడినన్నవాడో వస్తే, ఆ మార్పు నిజమేనా అని అడగొచ్చు. కానీ ఒక్కసారి వాళ్లకి అద్దె కట్టి చీటీ తీసుకుంటే ఆ దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. చాలామంది అక్కడే దొరికిపోతారు.

యుద్ధకాలపు ఇళ్ల కరువులోంచి పుట్టిన అద్దె నియంత్రణకి మద్రాసులో 1946, 1949 చట్టాలొచ్చాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. దాని 10వ సెక్షన్‌లో ఉండేది అసలు కిటుకు. అద్దెదారు యజమాని హక్కునే కాదంటే, ఇల్లెవరిదో రెంట్ కంట్రోలర్ (అద్దె తగాదాలు వినే అధికారి) తేల్చేవాడు కాదు. ఆ కాదనడం నిజాయితీగా అన్నదేనా అన్నదే చూసేవాడు. అవునని తేలిస్తే యజమాని సివిల్ కోర్టుకి వెళ్లి దావా వేసుకోవాల్సి వచ్చేది. కాదని తేలిస్తే అదే అద్దెదారుని ఖాళీ చేయించడానికి కారణమయ్యేది. గెలుస్తామని వేసిన ఎత్తు మనకే తిరగబడడమన్నమాట.

అప్పీలు కథంతా ఈ చిన్న ప్రశ్న చుట్టూనే తిరిగేది. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో 20వ సెక్షన్ కింద సబ్ జడ్జి దగ్గర అప్పీలు వేయాల్సి ఉండేది. బకాయి అద్దె కట్టనిదే అప్పీలు చేసే హక్కు లేదనేది 11వ సెక్షన్. "ఇల్లు వాళ్లది కానప్పుడు అద్దె ఎందుకు కట్టాలి?" అని మొండికేసినవాళ్లు వాదన వినిపించకుండానే ఓడిపోయేది ఇందుకే. నిజంగా ఎవరికివ్వాలో తెలియకపోతే అద్దె డిపాజిట్ చేసే వీలు 9వ సెక్షన్‌లో ఉండేది. ఆ తీగకి గుచ్చిన చీటీల పక్కన డిపాజిట్ రసీదు కూడా ఉంటే నిజాయితీకి అంతకన్నా సాక్ష్యమేం కావాలి?

ఆపైన హైకోర్టులో రివిజన్, అంటే కింది ఉత్తర్వు సరైనదేనా అన్న పరిశీలన. శ్రీకాకుళం కక్షిదారుకి ఆ హైకోర్టు మొదట మద్రాసులో, 1954లో గుంటూరులో, 1956 నుంచి హైదరాబాద్‌లో ఉండేది. 2019 నుంచి అమరావతిలో ఉంది. కేసు కన్నా ముందు కోర్టే నాలుగు ఊళ్లు తిరిగింది.

1960 చట్టం స్థానంలో 2017లో కొత్త అద్దె చట్టం చేశారు. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా చట్టమైతే, అద్దె కోర్టు యాజమాన్యం జోలికి పోకూడదని సూటిగానే రాసింది. ఇక హక్కుల చిట్టానే ప్రభుత్వం తయారుచేస్తుందన్న రాష్ట్ర ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చి, సివిల్ కోర్టులని పక్కన పెడుతోందని లాయర్ల ఆందోళనల మధ్య నలిగి, 2024లో రద్దయింది. కాబట్టి ఆ కొట్టాయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఇప్పటికీ సివిల్ కోర్టే.