కొత్త ఎస్ఎస్‌డీ కనపడట్లేదా? పోయిందని అప్పుడే తేల్చకండి

ఒంగోలులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే నాకు వారానికి ఒక్కసారైనా ఈ మాట వినపడుతుంది: "అన్నా, ఆన్‌లైన్లో ఎస్ఎస్‌డీ తెప్పించా. వేస్తే కనపడట్లా. డూప్లికేట్ అంటగట్టారు." ఎస్ఎస్‌డీ అంటే విండోస్, ఫైళ్లు అన్నీ ఉండే డ్రైవ్. నేను తిరిగి అడిగేది ఒకటే. ఎక్కడ కనపడట్లేదు? బయోస్‌లోనా (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర), విండోస్ ఎక్కించేటప్పుడా, విండోస్‌లో డ్రైవ్‌లు చూపించే దిస్ పీసీలోనా? మూడూ వేర్వేరు జబ్బులు.

అపోహ: దిస్ పీసీలో రాలేదంటే డ్రైవ్ పోయినట్టే.

వాస్తవం: రెండో డ్రైవ్‌గా వేసిన కొత్తదానికి పార్టిషనే (డేటా పెట్టుకునే భాగం) ఉండదు, ఇక డీ, ఈ లాంటి డ్రైవ్ లెటర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఇనిషియలైజ్ (డ్రైవ్‌ను వాడకానికి సిద్ధం) చేసి, జీపీటీ అనే పార్టిషన్ పద్ధతి ఎంచుకుని, కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ కొడితే సరి. పాత డేటా ఉన్న డ్రైవ్ అయితే మాత్రం ఆ పని చేయొద్దు.

అపోహ: స్లాట్‌లో పట్టిందంటే పనిచేసి తీరాలి.

వాస్తవం: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఎం.2 అనేది సన్నటి కార్డులా ఉండే ఎస్ఎస్‌డీ ఆకారం పేరు. దాని మీద నడిచేది సాటా కావచ్చు, ఎన్‌వీఎంఈ కావచ్చు; ఇవి డ్రైవ్ కంప్యూటర్‌తో మాట్లాడే రెండు వేర్వేరు పద్ధతులు. మొన్న చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాసే తమ్ముడొకడు ఎం.2 ఎస్ఎస్‌డీ వేసిన ల్యాప్‌టాప్ తెచ్చాడు. ముక్క చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పడింది, బయోస్‌లో మాత్రం ఖాళీ. బయటికి తీసి చూస్తే స్లాట్‌లోకి దిగే బంగారు రంగు పళ్ల దగ్గర రెండు గాట్లు, లేబుల్ మీద సాటా అని ఉంది. అతని స్లాట్‌కు ఎన్‌వీఎంఈ ఒక్కటే తెలుసు. గాట్లు చూసి పూర్తిగా నమ్మకండి, కొన్ని ఎన్‌వీఎంఈ వాటికీ రెండుంటాయి. కొనేముందు మీ మోడల్ మాన్యువల్ చూసుకోవడమే మేలు.

అపోహ: విండోస్ ఇన్‌స్టాలర్‌లో డ్రైవ్ రాకపోతే డ్రైవ్‌దే తప్పు.

వాస్తవం: బయోస్‌లో ఉండి ఇక్కడ లేకపోతే చాలాసార్లు డ్రైవర్ (డ్రైవ్‌ను విండోస్‌కు గుర్తుపట్టించే సాఫ్ట్‌వేర్) కావాలన్నమాట. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే బయోస్ సెట్టింగ్ ఆన్‌లో వస్తోంది; అప్పుడు ఆ డ్రైవర్ లేకుండా ఇన్‌స్టాలర్‌కు డ్రైవ్ కనపడకపోవచ్చు. ఇంటెల్ ఇచ్చే ఆర్‌ఎస్‌టీ అనే డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ చేస్తే డ్రైవ్ కనిపిస్తుంది.

అపోహ: బయోస్‌లో కూడా లేకపోతే వారంటీకి పంపడమే.

వాస్తవం: ఇందులో నేనూ పప్పులో కాలేశా. కొత్తపట్నం నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ కనపడకపోతే తిప్పి పంపించా. బదులు వచ్చిందీ కనపడలా. అప్పుడు పట్టకారుతో, డ్రైవ్‌ను బోర్డుకు కలిపే ఫ్లెక్స్ కేబుల్ లాగి చూస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. ఉప్పుగాలి పని. కేబుల్ మార్చాక వెంటనే పట్టింది. ఆ కేబుల్ ముక్క ఇప్పటికీ నా డ్రాయర్‌లోనే ఉంది. ఇప్పుడైతే ముందు డ్రైవ్‌ను యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే సిస్టమ్‌కు తగిలించి చూస్తా. అక్కడ వస్తే ల్యాప్‌టాప్ విప్పుతా, రాకపోతేనే వారంటీకి బిల్లు తెమ్మంటా.