బ్యాండ్ సౌండ్ మారిందా, మనమే మారామా: ఒక పాత పంచాయితీ పుట్టుపూర్వోత్తరాలు

నల్లగొండలో, పాలమూరులో ఇండీ రాక్ (పెద్ద మ్యూజిక్ కంపెనీల మీద ఆధారపడకుండా సొంతంగా చేసుకునే రాక్) వినేవాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు, హాస్టల్‌కి ఒకరో ఇద్దరో. ఆ ఇద్దరూ కలిస్తే తెగని పంచాయితీ ఒకటే: ఫలానా బ్యాండ్ సౌండ్ మారిందా లేదా, మారితే చెడిందా బాగుపడిందా. 2022లో ఆర్కిటిక్ మంకీస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 'ద కార్' ఆల్బమ్ వచ్చాక ఇది బాగా ముదిరింది. "గిటారేదిరా భై, సిన్మా బ్యాక్‌గ్రౌండ్ లెక్క వయొలిన్లు మోగుతున్నయ్" అనేది ఒక వర్గం. "ఇరవయ్యేండ్లప్పుడు దుంకినట్టే ముప్పై ఆరేండ్లకు గూడ దుంకుమంటవా" అనేది ఇంకో వర్గం.

నేను రెండో వర్గమే, దాచేదేం లేదు. కానీ ఎవరు కరెక్టో తేల్చడం కన్నా, ఈ గొడవ ఎక్కడ మొదలైంది, సౌండ్ మారినప్పుడల్లా తెరవెనక ఏం జరిగింది అని చూడటంలోనే అసలు మజా ఉంది. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తా. ఒకరోజు పొద్దున లేచి "ఇవాళ్టి నుంచి వేరేలా వాయిద్దాం" అనుకుని మారిన బ్యాండ్లు చాలా తక్కువ. స్టూడియోలో ఎవరు కూర్చున్నారు, డబ్బు ఎవరిది, పాటలు రాసుకోవడానికి టైమ్ ఎంత దొరికింది, గుంపులోంచి ఎవరు వెళ్ళిపోయారు, ఎక్కువసార్లు సౌండ్‌ని మార్చింది ఇవే.

ఈ కథకి ఒక ఊరు ఉంది, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్. ఆ ఊళ్ళో ఒక బిల్డింగ్ కూడా ఉంది, ఫ్రీ ట్రేడ్ హాల్. 1966 మే 17న అక్కడ అమెరికన్ జానపద గాయకుడు బాబ్ డిలన్ కచేరీ జరిగింది. మొదటి సగం ఒంటరిగా మామూలు గిటార్‌తో పాడాడు, జనం బుద్ధిగా విన్నారు. రెండో సగంలో బ్యాండ్‌నీ ఎలక్ట్రిక్ గిటార్లనీ స్టేజి ఎక్కించేసరికి జనంలోంచి ఒకడు "జూడాస్" అని అరిచాడు. ఏసుని పట్టిచ్చినవాడి పేరు పెట్టి తిట్టాడంటే ఎంత మంటెక్కి ఉండాలో చూడండి. అంతకు ముందు ఏడాది జూలైలో అమెరికాలోని న్యూపోర్ట్ ఫెస్టివల్‌లోనూ ఇదే విషయం మీద గోల అయింది. డిలన్ ఇండీ కాదు, అతని రికార్డులు తీసింది పెద్ద కంపెనీ. అయినా "సౌండ్ మార్చావంటే మమ్మల్ని మోసం చేసినట్టే" అనే ఫిర్యాదు ఇంత గట్టిగా వినపడింది అక్కడే.

పదేళ్ళకి, 1976 జూన్ 4న, అదే బిల్డింగ్‌లో మేడ మీదున్న చిన్న హాల్లో లండన్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ వాయించారు. వాళ్ళని పిలిపించింది పీట్ షెల్లీ, హోవర్డ్ డెవోటో అనే ఇద్దరు కుర్రాళ్ళు. వచ్చిన జనం బహుకొద్ది. కానీ ఆ కొద్దిమందిలో బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ ఉన్నారు. ఈ నాలుగు పేర్లూ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

షెల్లీ, డెవోటోల బ్యాండ్ బజ్‌కాక్స్. 500 పౌండ్లు అప్పు చేసి, 1976 డిసెంబర్ 28న నాలుగు పాటలు రికార్డు చేసి, నెల తిరిగేసరికి 'స్పైరల్ స్క్రాచ్' పేరుతో సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వదిలారు. మొదట వేసింది 1000 కాపీలు, చివరికి 16,000 దాకా పోయాయి. ఏ పాట ఎన్నో టేక్, దాని మీద తర్వాత ఏం కలిపారు అన్నది కవర్ మీదే అచ్చేశారు, మా దగ్గర దాచే మాయేం లేదు అన్నట్టు. దాంతో పెద్ద కంపెనీ గుమ్మం తొక్కకుండా కూడా రికార్డు తీయొచ్చు అని ఇంగ్లండ్‌లో ఊరూరికీ తెలిసింది. లండన్‌లో రఫ్ ట్రేడ్, మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ లాంటి లేబుళ్ళు నిలబడ్డాయి. 1980 జనవరి నుంచి ఇలాంటి రికార్డులకి అక్కడ ప్రత్యేకంగా ఇండీ చార్టే మొదలైంది.

తమాషా ఏంటంటే, ఇండీకి దారి వేసిన ఆ రికార్డు వచ్చీ రాగానే అందులో పాడిన డెవోటో బ్యాండ్ వదిలేశాడు. షెల్లీ మైకు పట్టుకున్నాడు. 1977లోనే వాళ్ళు యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే పెద్ద కంపెనీకి సంతకం పెట్టారు. గొంతు మారింది, పాటల్లో ఎకసెక్కం తగ్గి ప్రేమ ఎక్కువైంది. అంటే ఇండీ పుట్టిన ఏడాదిలోనే "పాతదే బాగుండే" అనడానికి కావలసిన సరుకంతా తయారు.

ఇప్పుడు మిగతా రెండు పేర్లు. సమ్నర్, హుక్ కలిసి పెట్టిన బ్యాండ్ జాయ్ డివిజన్. 1979లో వాళ్ళ మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' చేసింది మార్టిన్ హానెట్, 'స్పైరల్ స్క్రాచ్' చేసిన ప్రొడ్యూసరే. (ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే సినిమా వాళ్ళలా డబ్బు పెట్టేవాడు కాదు, స్టూడియోలో కూర్చుని రికార్డు ఎలా వినపడాలో తేల్చేవాడు.) స్టేజి మీద జాయ్ డివిజన్ గోడలదిరేలా వాయించేది. హానెట్ ఆ హోరునంతా తీసేసి, డ్రమ్స్‌లో ఒక్కో ముక్కని విడివిడిగా పట్టి, డిజిటల్ డిలే అనే కొత్త యంత్రంతో ప్రతి దెబ్బ చుట్టూ ఖాళీ పుట్టించాడు. వింటుంటే పెద్ద ఖాళీ గోదాములో ఎవరో దూరంగా వాయిస్తున్నట్టు ఉంటుంది. హుక్‌కీ సమ్నర్‌కీ అప్పట్లో అది అస్సలు నచ్చలేదు, ఇది మా సౌండే కాదు అన్నారు. కానీ రికార్డు కొన్న లక్షలమందికి జాయ్ డివిజన్ అంటే ఆ ఖాళీయే.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇక్కడే. "బ్యాండ్ సౌండ్" అని మనం ప్రాణం పెట్టుకునేది చాలాసార్లు మొదటి ఆల్బమ్ ప్రొడ్యూసర్ సౌండ్. ఆ మనిషి పక్కకి తప్పుకుంటే బ్యాండ్ మారినట్టు అనిపిస్తుంది, నిజానికి అప్పుడే వాళ్ళు వాళ్ళలా వినిపిస్తున్నారేమో.

పైగా ఇక్కడ పరీక్ష పెట్టి చూసినట్టే జరిగింది. 1980 మే 18న గాయకుడు ఇయన్ కర్టిస్ ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకున్నారు, కీబోర్డుకి జిలియన్ గిల్బర్ట్ వచ్చింది. 1981లో వచ్చిన 'మూవ్‌మెంట్' ఆల్బమ్‌కి కూడా హానెట్టే ప్రొడ్యూసర్. మనిషి పోయాడు, పేరు మారింది, అయినా వింటే జాయ్ డివిజన్ వాసనే కొడుతుంది. ఆ తర్వాత హానెట్‌తో తెగిపోయింది. 1983లో సొంతంగా, డ్రమ్ మెషీన్‌తో 'బ్లూ మండే' చేశారు, జనం డాన్స్ ఫ్లోర్ల మీద ఊగిపోయారు. గాయకుడు పోయినప్పటికన్నా ప్రొడ్యూసర్ పోయినప్పుడే సౌండ్ ఎక్కువ మారింది, కావాలంటే మూడూ వరసగా వినండి.

అదే మాంచెస్టర్‌లో స్టోన్ రోజెస్ కథ వేరు. 1989లో వచ్చిన మొదటి ఆల్బమ్ కమ్మగా, తేలిగ్గా ఉంటుంది. రెండోది 1994 డిసెంబర్‌లో వచ్చింది, బరువైన గిటార్లతో, డెబ్బైల నాటి హార్డ్ రాక్‌లా. ఐదేళ్ళు ఏం చేశారయ్యా అంటే, అందులో మంచి ముక్క కోర్టు మింగేసింది. పాత లేబుల్ సిల్వర్‌టోన్ వీళ్ళు వేరే చోట రికార్డు తీయకుండా కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చింది. 1991లో కేసు గెలిచి గెఫెన్ అనే పెద్ద అమెరికన్ కంపెనీకి వెళ్ళారు. ఐదేళ్ళలో ఎవరి వినికిడి అయినా మారుతుంది, మన ఇంట్లో చూసుకుంటే తెలీదా.

మారకపోతే మాత్రం ఊరుకున్నారా? న్యూయార్క్ బ్యాండ్ ద స్ట్రోక్స్ 2001లో మొదటి ఆల్బమ్‌తో ఒక ఊపు ఊపింది. రెండోదానికి రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ ప్రొడ్యూసర్ నైజెల్ గాడ్రిచ్‌తో కొంత పని చేసి, కుదరక, మళ్ళీ మొదటి ప్రొడ్యూసర్ గోర్డన్ రఫాయెల్ దగ్గరికే వచ్చారు. 2003లో 'రూమ్ ఆన్ ఫైర్' వస్తే చాలామంది అన్న మాట: మొదటిదే మళ్ళీ తీశారు కదా. మారితే ఒక తిట్టు, మారకపోతే ఇంకో తిట్టు. (రేడియోహెడ్ సౌండ్‌ని బాగా మార్చేసిన 'కిడ్ ఎ' ఆల్బమ్ సంగతి ఎత్తవేం అంటారేమో. 2000లో అది వచ్చేటప్పటికి వాళ్ళ వెనక ఈఎంఐ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీ ఉంది. అంత డబ్బు, అంత తీరిక ఉన్నవాళ్ళ లెక్క వేరు, అందుకే పక్కన పెడుతున్నా.)

ఇక ఆర్కిటిక్ మంకీస్. మాంచెస్టర్‌కి దగ్గర్లోనే ఉన్న షెఫీల్డ్ వాళ్ళు. కచేరీల్లో డెమో సీడీలు ఊరికే పంచిపెట్టేవాళ్ళు, అభిమానులు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టి పంచుకున్నారు. 2006 జనవరిలో మొదటి ఆల్బమ్ వస్తే బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3.6 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి, అదీ డొమినో అనే ఇండీ లేబుల్ మీద. ఆ పాటలు ఏళ్ళ తరబడి చిన్న చిన్న హాళ్ళలో వాయించి నూరినవి. ఏ బ్యాండ్‌కైనా ఆ వెసులుబాటు మొదటి ఆల్బమ్‌కే. రెండోది బస్సుల్లో తిరుగుతూ, ఏడాదిలోపు రాసి ఇవ్వాలి.

ఆ తర్వాత వరసగా చూడండి. 2006లోనే బేస్ వాయించే ఆండీ నికల్సన్ వెళ్ళిపోయి నిక్ ఓమ్యాలీ వచ్చాడు. 2007 ఆల్బమ్‌తో జేమ్స్ ఫోర్డ్ అనే ప్రొడ్యూసర్ కలిశాడు. 2009 నాటి 'హంబగ్' కోసం కాలిఫోర్నియా ఎడారికి పోయి జాష్ హోమ్ అనే అమెరికన్ రాక్ గిటారిస్టుతో పనిచేశారు, పాటల వేగం పడిపోయింది, చీకటి కమ్మింది. చాలామంది పాత అభిమానులు అలిగింది అప్పుడే, 2022లో కాదు. 2013లో 'ఏఎం' వచ్చింది, హిప్‌హాప్ దరువు మీద బరువైన గిటార్. మన హాస్టళ్ళలో చాలామంది వీళ్ళని పట్టుకుంది ఆ ఆల్బమ్‌తోనే. కాబట్టి "ఒరిజినల్ సౌండ్ పోయింది" అని ఇక్కడ బాధపడేవాళ్ళు ఒరిజినల్ అనుకునేది బ్యాండ్ ఐదో ఆల్బమ్‌ని, అది గమనించాలి. 2018 ఆల్బమ్‌కి ముందు, పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్‌కి ముప్పయ్యో పుట్టినరోజుకి మేనేజర్ పియానో బహుమతిగా ఇచ్చాడు. గిటార్ బదులు దాని ముందు కూర్చుని రాశాడు. పియానో మీద పుట్టిన పాట గిటార్ పాటలా ఎలా ఉంటుంది? లేబుల్ మారలేదు, డ్రమ్మర్ మారలేదు, ఒక చెక్క సామాను ఇంట్లోకి వచ్చింది, అంతే.

మన దేశం సంగతికొస్తే, ఇండియన్ ఓషన్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1990లో ఢిల్లీలో మొదలు, 1993లో మొదటి ఆల్బమ్, 2000లో 'కందీసా'. సుస్మిత్ సేన్ గిటార్, అశీమ్ చక్రవర్తి తబలా, గొంతు. అశీమ్ తబలా కొడుతూనే పాడేవాడు, ఆ పాట ఊపిరి ఆ చేతుల్లోంచి వచ్చేది. 2009 డిసెంబర్‌లో అతను చనిపోయాక ఆ ఒక్కడి పనికి ఇద్దరు కావాల్సి వచ్చింది, పాడటానికి ఒకరు, తబలాకి ఒకరు. 2010 ఆల్బమ్ పాటల్ని వాళ్ళు ఊరికే డౌన్‌లోడ్ చేసుకోమని వదిలారు. 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నాడు. 2014 నాటి 'తందాను'లో పాటకొక అతిథిని పిలిచారు. దాన్ని 'కందీసా'తో పోల్చి "సౌండ్ పోయింది" అంటే, పోయింది మరి, ఇద్దరు మనుషులు లేరు.

ఈ గొడవంతా పాటని రికార్డు చేయడం వచ్చాకే పుట్టింది అని నాకు నమ్మకం కుదిరింది మాత్రం మన పక్క ఊళ్ళని చూశాకే. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడతాడు. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణ వాయిస్తాడు. మొగిలయ్యకి 2022లో, కొండప్పకి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇలా కథ పాడేవాళ్ళు ఊరిని బట్టి, వినేవాళ్ళని బట్టి ఒకచోట సాగదీస్తారు, ఒకచోట కుదిస్తారు. నిన్న పక్కూర్లో పాడినట్టు లేదేంది అని అడిగేవాడు లేడు, ఎందుకంటే నిన్నటిది ఎవరి దగ్గరా లేదు. క్యాసెట్లు వచ్చి జానపదం టేపులో పడ్డాకే మన దగ్గరా "గా క్యాసెట్ల ఉన్నట్టు పాడు" అనడం మొదలైంది. తర్వాత డప్పు పక్కకి ప్యాడ్ వచ్చింది, బరాత్‌లకి డీజే బాక్సులు వచ్చాయి, ఇప్పటికీ పెద్దవాళ్ళు పెళ్ళి ఊరేగింపులో చెవులు మూసుకుని అనే మాట డిలన్‌ని తిట్టినవాడి మాటకి మరీ దూరమేం కాదు.

2021లో మొగిలయ్య కిన్నెర ఒక పెద్ద సినిమా పాటకి మొదట్లో వినిపించింది, వెంటనే తమన్ డ్రమ్స్ దిగాయి. అదే పాటలో ఒక గొంతు రామ్ మిర్యాలది. ఆయన హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తాలో జానపదాన్ని జమైకా వాళ్ళ రెగే దరువు మీద పాడి పేరు తెచ్చుకుని, బ్యాండ్ వదిలి సినిమాల వైపు వచ్చాడు. మన దగ్గర బ్యాండ్ సౌండ్ మారడానికి ఇంకో కారణం కూడా ఉంది అని దీంతో తెలుస్తుంది: సినిమా. ఇంగ్లండ్‌లో పెద్ద కంపెనీ చేసిన పని ఇక్కడ అది చేస్తుంది, గుంపులోంచి బాగా పాడేవాడిని లాక్కుపోతుంది. తప్పు పట్టలేం, ఇంటి అద్దె కట్టాలి కదా.

ఇంకో తేడా, అసలు మన తెలుగు ఇండీ వాళ్ళలో ఆల్బమ్ తీసేది ఎంతమంది? పది పాటలకి సరిపడా స్టూడియో ఖర్చు పెట్టుకోలేక, మూడు నాలుగు నెలలకి ఒక పాట యూట్యూబ్‌లో వదులుతారు, అదీ వీడియోతో. ఒక పాటకి మిక్సింగ్ ఒకరు, ఇంకో పాటకి ఇంకొకరు, ఎవరు తక్కువకి దొరికితే వాళ్ళు. ఇక ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ మధ్య సౌండ్ పోల్చడానికి ఇక్కడ ఆల్బమే లేదు, దసరాకి వచ్చిన పాటనీ సంక్రాంతికి వచ్చిన పాటనీ పక్కపక్కన పెట్టుకుని కొట్టుకుంటున్నాం.