గంటకు ఎనిమిది గ్రాములు

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎచ్చెర్లలోనో, రాజాంలోనో, విజయనగరంలోనో హాస్టళ్లలోనూ అద్దె గదుల్లోనూ ఉండి చదువుకుంటున్న మీ అందరికీ ఈ ఉత్తరం. మద్యం గురించి పెద్దవాళ్లు మీతో చెప్పేవి రెండే మాటలు. తాగితే చెడిపోతావు అన్నది ఒకటి, తాగినట్టు తెలిస్తే కాళ్లు విరగ్గొడతాను అన్నది రెండోది. మొదటి మాట మీరు నమ్మరు. వారం వారం తాగిన సీనియర్‌కు కూడా క్యాంపస్‌లో ఉద్యోగం రావడం మీరు చూశారు. రెండో మాటకు భయపడతారు గానీ, ఆ భయంతో మానేవాళ్లకన్నా దాచడం నేర్చుకునేవాళ్లే ఎక్కువ. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. తిట్టడం చేతకాదని కాదు, లెక్క చెప్పడం ఇంకా బాగా చేతనవును. కాబట్టి లెక్క చెబుతాను.

పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు. అది అయిదు శాతం బీరైతే అందులో ఆల్కహాల్ బరువు సుమారు 25 గ్రాములు. స్ట్రాంగ్ అని రాసి ఉన్న సీసాల్లో ఎనిమిది శాతం దాకా ఉంటుంది, అంటే 40 గ్రాములు. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 20. బీరే కదా, మందు కాదు కదా అంటూ ఒక స్ట్రాంగ్ సీసా ఖాళీ చేసినవాడు నిజానికి రెండు పెద్ద పెగ్గులు తాగి కూర్చున్నాడు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 60 గ్రాములు ఉంటుంది.

ఇక ఖర్చు వైపు చూడండి. ఈ సరుకును దాదాపు మొత్తం కాలేయమే విరగ్గొట్టాలి. మొదట అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుస్తుంది. కొత్తగా తాగే కుర్రాడి కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల దాకా చేయగలదు. ఎనిమిది అనుకుందాం. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, తలమీద చన్నీళ్లు కుమ్మరించుకున్నా ఈ వేగం పెరగదు. కాఫీ తాగిస్తే నిద్రమత్తు కాస్త వదిలిన తాగుబోతు తయారవుతాడు, అంతే.

అరవై కిలోల కుర్రాడు రాత్రి పదకొండింటికి గబగబా ఒక క్వార్టర్ ముగించి పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, స్నేహితుణ్ని రైలెక్కించడానికి బైకు మీద ఆమదాలవలస బయల్దేరాడు. అయిదు గంటలు గడిచాయి, నలభై గ్రాములు పోయింది, ఇంకా ఇరవై ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. ఆ మిగిలిన ఇరవై గ్రాములు ఆ గీత దాటడానికి చాలు. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వాడు మాత్రం రాత్రే దిగిపోయిందని ప్రమాణం చేసి చెబుతాడు. ఆడపిల్లల విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. వాళ్ల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే తాగినా రక్తంలో ఎక్కువ చేరుతుంది.

ప్రభుత్వమే అమ్మనిస్తోంది కదా మాస్టారూ అని ఒకడు వాదించాడు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాడికి అమ్మడం నేరమే, ఆ సంగతి అలా ఉంచండి. 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. పెట్టినప్పుడూ ఎత్తేసినప్పుడూ కాలేయం పని వేగం మాత్రం మారలేదు.

తాగితే నిద్ర బాగా పడుతుందంటారు. త్వరగా పడుతుంది, బాగా పట్టదు. కలలు వచ్చే దశ నిద్ర తగ్గిపోతుంది, తెల్లవారుజామున మెలకువ వస్తుంది. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పరీక్షల ముందు ఒత్తిడి పోవాలని తాగేవాడు చదివినదాన్ని తనే చెరుపుకుంటున్నాడు. రాత్రి ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదురా అని నవ్వుతూ చెప్పుకుంటారు చూడండి, అది నవ్వే విషయం కాదు. ఆ సమయంలో వాడు నడిచాడు, మాట్లాడాడు, ఎవరికో ఫోను కూడా చేశాడు. జ్ఞాపకం రాసుకునే భాగం మాత్రం పనిచేయలేదు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది. తొందరను ఆపి ముందువెనుకలు చూసే ముందు భాగం అన్నిటికన్నా ఆలస్యంగా తయారవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది తాగనివాళ్లు ఇంకా శ్రద్ధగా చదవాలి. గదిలో పుట్టినరోజు. ఒకడు ఎక్కువ తాగాడు, వాంతి చేసుకున్నాడు. వెల్లకిలా పడుకోబెట్టి, ఫ్యాను పెంచి, పడుకుంటే సర్దుకుంటుందిలే అని తలుపు చేరవేసి వెళ్లిపోతారు. చావులు జరిగేది ఇలాగే. తాగడం ఆపినా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి అరగంట తర్వాత వాడి స్థితి ఇప్పటికన్నా అధ్వానంగా ఉండవచ్చు. మత్తులో దగ్గే శక్తి మందగిస్తుంది. మళ్లీ వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాణ్ని పక్కకు తిప్పండి. పైకాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెట్టండి, పై చేతిని చెంప కింద ఉంచండి, నోరు కాస్త నేలవైపు ఉండాలి. ఒకరు మేలుకొని పక్కనే కూర్చోవాలి. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి, కొళాయి కింద కూర్చోబెట్టకండి, అసలే ఒంటి వేడి పడిపోతుంటుంది. గట్టిగా పిలిచి గిల్లినా కదలకపోతే, ఊపిరి నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువైతే, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటితే, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోను చేయండి. ఏం తాగాడో, ఎంత తాగాడో, దాంతోపాటు ఏ మాత్రలైనా వేసుకున్నాడో దాచకుండా చెప్పండి. వార్డెన్‌కు తెలుస్తుందన్న భయం అప్పుడు పనికిరాదు. ఈ ఉత్తరం వార్డెన్లూ చదివితే వారికీ ఒక మాట: ఫోను చేసిన కుర్రాణ్ని కూడా శిక్షిస్తే, వచ్చేసారి ఎవరూ ఫోను చేయరు.

నాటుసారా జోలికి అసలు పోకండి. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసి ఉంటే రుచిలో తేడా తెలియదు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని కాల్చేస్తుంది, పది మిల్లీలీటర్లు కూడా చాలు. చూపు మసకబారడం మర్నాటికి గానీ బయటపడకపోవచ్చు.

సిరిమాను సంబరానికి అందరూ కలిసినప్పుడు ఒక్క గుక్కే అని బలవంతపెడితే ఏమనాలని అడుగుతారు. నేను తాగను అనండి, కారణం చెప్పకండి. ఒంట్లో బాగాలేదంటే ఇది తాగితే బాగవుతుందంటారు, ఇంట్లో తెలుస్తుందంటే సోంపు ఇస్తామంటారు. ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర విరుగుడు సిద్ధంగా ఉంటుంది, కారణం చెప్పనివాడితో వాదన పెట్టుకోవడానికి మాత్రం పట్టు దొరకదు.

అలవాటు ఇప్పటికే ముదిరి, పొద్దున్నే చేతులు వణికే స్థితికి వచ్చినవాడు మీలో ఉంటే, ఒక్కసారిగా సొంతంగా మానేయవద్దు. మూర్ఛలు రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. వ్యసన విముక్తికి 14446, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలిమానస్ 14416 ఉన్నాయి. రెండింటికీ డబ్బు కట్టనక్కర్లేదు.

తాగేది మీరు కాక మీ నాన్న అయితే, మీ మార్కులు తగ్గినందుకో మీ ఫీజు బరువుకో ఆయన తాగుతున్నారని ఎవరన్నా నమ్మకండి. 14416కు తాగేవాళ్లే ఫోను చేయాలన్న నియమం లేదు, ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు.

ఇట్లు,
మీ కెమిస్ట్రీ మాస్టారు