సర్క్యులర్ చట్టం కాదు: బడి ప్రార్థన వివాదం వెనక ఉన్న 1986

వందేమాతరం రచనకు 150 ఏళ్లు నిండిన సందర్భంగా 2025 నవంబరు 7న కేంద్ర ప్రభుత్వం ఏడాది పొడవునా సాగే ఉత్సవాలను ప్రారంభించింది. అప్పటి నుంచి, ఉదయం అసెంబ్లీలో పిల్లల చేత ఏం పాడించవచ్చు, ఎవరిని పాడకుండా ఉండనివ్వాలి అన్న పాత ప్రశ్న మళ్లీ రాజుకుంది. తమ రాష్ట్రంలోని విద్యాసంస్థలన్నింటిలో ఈ గీతాన్ని తప్పనిసరి చేస్తామని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కొద్ది రోజులకే ప్రకటించారు. జమ్మూకశ్మీర్‌లో బడులు ఉత్సవ కార్యక్రమాలు జరపాలన్న ఉత్తర్వు మీద అక్కడి ముస్లిం మతసంస్థల ఐక్యవేదిక అభ్యంతరం తెలిపింది. డిసెంబరులో పార్లమెంటు ఇదే విషయం మీద గంటల తరబడి చర్చించింది.

ఆ చర్చలో వినిపించిన మాటల్లో ఎక్కువ భాగం 1937 చుట్టూనే తిరిగాయి. తరువాతి చరణాల్లో దుర్గాస్తుతి ఉన్నందువల్ల సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని కాంగ్రెస్ కార్యవర్గం ఆనాడు తీర్మానించిన సంగతి, అది సామరస్యమా బుజ్జగింపా అన్న తగవు పాఠకులకు కొత్తవి కావు. బడిపిల్లల విషయానికి వస్తే మాత్రం ఆ తగవు పెద్దగా సాయపడదు. ఈ రోజు ఏ ప్రధానోపాధ్యాయుడి బల్ల మీదకు ఏ ఉత్తర్వు వచ్చినా, అది ఎంతవరకు చెల్లుతుందో తేల్చే మాటలు 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటలు రాసిన న్యాయమూర్తి అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి ఢిల్లీకి వెళ్లిన ఒ. చిన్నప్పరెడ్డి. తెలుగునాట ఈ వివాదం గురించి ఇంత మాట్లాడుకుంటూ ఆయన తీర్పును తలచుకునేవారు తక్కువగా ఉండటం బాధ కలిగించే విషయం.

కేరళలోని కిడంగూర్ అనే ఊళ్లో ఒక ఉన్నత పాఠశాలలో ముగ్గురు తోబుట్టువులు పదో తరగతి, తొమ్మిదో తరగతి, అయిదో తరగతి చదువుతుండేవారు. వారి కుటుంబం యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినది. రోజూ ఉదయం జనగణమన పాడేటప్పుడు ఆ పిల్లలు అందరితో పాటు లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. గీతంలోని ఏ మాటనూ వారు తప్పుపట్టలేదు. తమ దేవుడికి చేసే ప్రార్థన తప్ప మరే విధమైన ఆరాధనాచారంలోనూ పాల్గొనరాదని వారి విశ్వాసం, అంతే. అంతకుముందు అదే బడిలో చదివిన వారి అక్కలు కూడా అలాగే నిలబడేవారు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు, ఎవరి దేశభక్తికీ భంగం కలగలేదు. 1985 జులైలో ఒక శాసనసభ్యుడు అది గమనించి సభలో ప్రశ్న లేవనెత్తడంతో కథ మారింది. విచారణకు వేసిన సంఘం పిల్లలు క్రమశిక్షణ గలవారనీ, జాతీయ గీతాన్ని ఎన్నడూ అగౌరవపరచలేదనీ నివేదిక ఇచ్చింది. అయినా పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆదేశంతో జులై 26న ప్రధానోపాధ్యాయురాలు ముగ్గురినీ బడి నుంచి తొలగించారు.

కేరళ హైకోర్టు గీతంలోని ప్రతి మాటనూ, ప్రతి భావాన్నీ పరిశీలించి, ఇందులో ఏ మతాన్నీ నొప్పించేది ఏదీ లేదని తేల్చి, పిల్లల పిటిషన్‌ను కొట్టివేసింది. ఇక్కడే, నా ఉద్దేశంలో, ఈ చరిత్ర అంతటికీ తాళంచెవి ఉంది. బడి ప్రార్థన మీద తగవు వచ్చిన ప్రతిసారీ అధికారంలో ఉన్నవారు వేసే ప్రశ్న ఒక్కటే: ఈ మాటల్లో తప్పేముంది? చిన్నప్పరెడ్డి, ఆయనతో పాటు ధర్మాసనంలో ఉన్న ఎం.ఎం. దత్ ఆ ప్రశ్నే సరైనది కాదన్నారు. ఆ విశ్వాసం మన బుద్ధికి నచ్చుతుందా, మన మనసుకు హత్తుకుంటుందా అన్నది న్యాయస్థానం చూడవలసిన విషయం కాదనీ, ఆ మనిషి దాన్ని నిజాయితీగా నమ్ముతున్నాడా, అది అతని మత విశ్వాసంలో భాగమా అన్నదే చూడాలనీ తేల్చారు. పాట అర్థం ఎంత ఉదాత్తమైనదైనా, ఎదుటివాడి అంతరాత్మ దగ్గర ఆ వాదన చెల్లదు.

రెండో మాట ఇంకా గట్టిది, ఈనాటి వివాదానికి ఇంకా దగ్గరిది. పిల్లలను తొలగించడానికి ఆధారంగా చూపినవి కేరళ విద్యాశాఖ 1961లో, 1970లో జారీ చేసిన రెండు సర్క్యులర్లు. భావప్రకటన స్వేచ్ఛకు పరిమితి విధించాలంటే చట్టబలం ఉన్న నిబంధన ఉండాలి కానీ, ఒక శాఖ తన సిబ్బందికి పంపుకున్న సూచన చాలదని ధర్మాసనం చెప్పింది. 1971లో వచ్చిన జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం గీతాలాపనను అడ్డుకున్నవారికి శిక్ష విధిస్తుందే తప్ప, మౌనంగా, మర్యాదగా నిలబడ్డవారిని పాడి తీరాలని ఎక్కడా అనలేదు. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఇమిడి ఉంటుంది. పిల్లలను తిరిగి చేర్చుకోమని ఆదేశిస్తూ, మన సంప్రదాయం, తత్త్వం, రాజ్యాంగం మూడూ నేర్పేది సహనమేననీ, దాన్ని పలచబరచవద్దనీ అంటూ తీర్పు ముగించారు. అప్పటి నుంచి ఎన్ని సర్క్యులర్లు వచ్చినా ఈ గీటురాయి మారలేదు.

ఆ తీర్పు రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19వ, మతస్వేచ్ఛనిచ్చే 25వ అధికరణాల మీద నిలబడింది. దేశగీతం కాక, నేరుగా మతప్రార్థనే అయితే దానికి విడిగా 28వ అధికరణం ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధన ఉండరాదని దాని మొదటి భాగం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందే సంస్థలో ఎవరినీ మతబోధనలో పాల్గొనమని గానీ ఆరాధనకు హాజరు కమ్మని గానీ బలవంతపెట్టరాదని మూడో భాగం చెబుతుంది. అలా హాజరు కావాలంటే ఆ వ్యక్తి, మైనరైతే సంరక్షకుడు, సమ్మతించాలి. 1948 డిసెంబరు 7న రాజ్యాంగ సభలో ఈ ముసాయిదా చర్చకు వచ్చినప్పుడు అంబేడ్కర్ చూపిన కారణాలు ఇప్పటికీ పాతబడలేదు. ఒక మతం కోసం అందరి పన్ను డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఇన్ని మతాలున్న దేశంలో అన్నిటినీ బోధించడం ఆచరణలో కుదరదు. తన దారి ఒక్కటే మోక్షానికి దారి అని ప్రతి మతమూ చెప్పుకుంటున్నప్పుడు తరగతి గదిలో సామరస్యం నిలవదు. ఈ రక్షణ ఒక్క మైనారిటీల కోసమని అనుకోవడం పొరపాటు. మిషనరీ బడిలో చదివే హిందూ బాలికకు, ఆమె కుటుంబానికి ఇష్టం లేకపోతే, బడిలోని క్రైస్తవ ప్రార్థన మందిరానికి (చాపెల్‌కు) వెళ్లకుండా ఉండే హక్కు ఇస్తున్నది కూడా ఇదే వాక్యం.

ప్రార్థన ఉండాలనేవారి వాదనలోనూ బలం ఉంది. రోజు మొదట్లో వందల మంది ఒక్క గొంతుతో పాడితే పిల్లల్లో క్రమశిక్షణ, కలసిమెలసి ఉండే గుణం అలవడతాయన్నది ఉపాధ్యాయులు అనుభవంతో చెప్పే మాట. మతాల గురించి పాఠం చెప్పడానికీ మతబోధనకూ తేడా ఉందని సుప్రీంకోర్టు 2002లో జాతీయ పాఠ్యప్రణాళిక కేసులో అంగీకరించింది. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థన మీద వేసిన పిటిషన్‌లోనూ కేంద్రం ఇంచుమించు ఈ బాటనే పట్టింది. వెయ్యికి పైగా ఉన్న ఆ బడుల్లో పిల్లలు చేతులు జోడించి, కళ్లు మూసుకుని పాడే ‘అసతో మా సద్గమయ’ ఒక మతానిది కాదనీ, సార్వజనీన సత్యమనీ, సుప్రీంకోర్టు చిహ్నం మీద ఉన్న ‘యతో ధర్మస్తతో జయః’ కూడా మహాభారతం లోనిదేననీ సొలిసిటర్ జనరల్ వాదించారు. ఆ పంక్తులు ఉపనిషత్తు నుంచి వచ్చినవని గుర్తు చేస్తూ జస్టిస్ నారిమన్, జస్టిస్ వినీత్ శరణ్ 2019 జనవరి 28న విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపారు. గమనించవలసింది ఏమిటంటే, మాటలు మంచివే కదా అన్న ఆ వాదన 1985లో కేరళ హైకోర్టు ఒప్పుకున్నదీ, 1986లో సుప్రీంకోర్టు పక్కన పెట్టినదీ. అసతో మా అర్థం గొప్పదని పిటిషనర్ కాదనలేదు. చేతులు జోడించడం తప్పనిసరి ఎందుకైందన్నదే ప్రశ్న. 2013లో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన నాసిక్ ఉపాధ్యాయుడి తగవు కూడా అచ్చంగా ఇదే. ప్రార్థన వేళ ఆయన నిలబడ్డారు, చేతులు మాత్రం జోడించలేదు. దానికి శిక్షగా జీతంలో రావలసిన పెంపును యాజమాన్యం ఆపితే, కోర్టు ఆయన పక్షాన నిలిచింది.

తెలంగాణ పాఠకులకు ఇక్కడ మరో జ్ఞాపకం రాకుండా ఉండదు. 1938 చివరలో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో విద్యార్థులు తమ ప్రార్థన మందిరాల్లో వందేమాతరం పాడుకుంటే, ఇతరుల మనసు నొచ్చుకుంటుందని నిజాం అధికారులు నిషేధించారు. మేము పాడుకునే ప్రార్థన మీద ఆంక్ష ఏమిటని సమ్మెకు దిగిన వందల మందిని బయటికి పంపారు. వారిలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం అక్కున చేర్చుకుంది. చదువు కోసం అలా ఊరు విడవవలసి వచ్చినవారిలో పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు. ఆ ఉద్యమాన్ని ఈనాడు తప్పనిసరి ఆలాపనకు సాక్ష్యంగా చూపుతున్నవారు అందులోని అసలు కోరికను వదిలేస్తున్నారని నాకనిపిస్తుంది. ఆ విద్యార్థులు తమకు పాడుకునే స్వేచ్ఛ కావాలన్నారు. అక్కడ పాడినందుకు, కిడంగూర్‌లో పాడనందుకు పిల్లలు బడి పోగొట్టుకున్నారు. రెండు చోట్లా ఉత్తర్వు రాసింది ఒక కార్యాలయమే.

తెలుగు బడుల్లో రోజూ వినిపించే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాశారు. అందులో ఏ దేవుడి పేరూ లేదు. తరువాత దేశమంతటా అనేక భాషల్లోకి వెళ్లిన ఆ ప్రతిజ్ఞ విషయంలో కూడా, 1986 తీర్పు ప్రకారం చూస్తే, నిజాయితీగా అభ్యంతరపడే పిల్లవాడు మర్యాదగా నిలబడితే చాలు.

ఇక మిగిలింది 28వ అధికరణంలోని ఆ ఒక్క షరతు, సమ్మతి. అది ఎవరు అడగాలి, ఎప్పుడు అడగాలి, నోటితో చెబితే చాలునా అన్న విషయాలు ఆ వాక్యంలో లేవు. నేను చూసిన ప్రవేశ దరఖాస్తుల్లో తండ్రి వృత్తి రాయడానికి గడి ఉంది, మతానికీ కులానికీ గడులున్నాయి, పుట్టుమచ్చలు రాయడానికీ చోటుంది. ఉదయం జరిగే ప్రార్థనలో మా అబ్బాయి పాల్గొనడానికి సమ్మతమే, లేదా సమ్మతం కాదు అని తల్లిదండ్రులు రాయగలిగే గడి మాత్రం వాటిలో ఒక్కదానిలోనూ లేదు.